సర్దాబులో కోడికూత

కువైట్‌లో హవల్లీ అనే పేటలో ఆ సర్దాబు పేరెత్తితే చాలు, రాత్రి డ్యూటీ వాళ్లు మాట మార్చేస్తారు.

సర్దాబంటే నేల కింద అంతస్తు. పైన ఫ్లాట్లు, మధ్యలో అంగళ్లు, మెట్లు దిగితే ఇంకో వరస అంగళ్లు. ఫోన్లు బాగుచేసేటివి, పాత కంప్యూటర్లు అమ్మేటివి, అన్నీ ఇరుకిరుకు కొట్లు. పగలు పోతే కాలు పెట్టే సందుండదు. రాత్రి పదికి షట్టర్లు పడతాయి. ఆ తర్వాత ఆ మెట్లు దిగమంటే మాత్రం... దిగే మగోడు లేడప్పా.

ఎందుకంటే ఆడ ఒక ఆడమనిషి మాట్లాడుతుంది.

ఏడవదు. అరవదు. పకపకా నవ్వదు. దెయ్యాలు చేస్తాయని మనం విన్న పనులేవీ చేయదు. ఊరికే మాట్లాడుతుంది — తెల్లవారుజామున సరిగ్గా మూడున్నరకు. హారిసు ఎన్నోసార్లు విన్నాడు. హారిసంటే ఆ బిల్డింగు కాపలా మనిషి, బంగ్లాదేశ్ ముసలాయన. ఏం భాషో ఆయనకు తెలియదు. అరబ్బీ కాదు, హిందీ కాదు, ఫిలిప్పీన్ వాళ్లదీ కాదు. ఒక నిమిషం మాట్లాడుతుంది... ఆగుతుంది... ఆపైన కోడి కూస్తుంది.

ఔను, కోడే! హవల్లీ నడిమధ్యలో, నేల కింద, ఏసీ గొట్టాల నడుమ కోడి ఎట్లా కూసిందని మీకు అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. అడిగినాను కూడా. ఈ కథ నాకు చెప్పిన అల్లాబకష్ "నువ్వు నోర్మూసుకుని వింటావా, లేదా?" అని కసిరినాడు. నోర్మూసుకుని విన్నా.

ఇంకొక్క సంగతి గుర్తు పెట్టుకోండి. అది వారానికి ఆరు రాత్రులే. శుక్రవారం తెల్లవారుజామున మాత్రం సర్దాబులో చప్పుడుండదు. జుమ్మా రోజున జిన్నులు కూడా అణిగి ఉంటాయని హారిసు నమ్మకం.

సరే. ఇప్పుడు గంగాధర్ సంగతి.

గంగాధర్‌ది లక్కిరెడ్డిపల్లె పక్క. మంగఫ్‌లో కంపెనీ గదుల్లో ఉంటాడు, ఎనిమిది మందికి ఒక గది. తెల్లారి నాలుక్కంతా కంపెనీ బస్సు గేటు ముందరికి వస్తుంది. ఎవరి కోసరమూ ఒక్క నిమిషం ఆగదు. మూడున్నరకు లేచినోడు ఎక్కుతాడు, లేయనోడు ఫోర్‌మ్యాన్ చేత తిట్లు తింటాడు.

మన సీమోళ్లకు కువైట్‌లో అలారం ఏదనుకున్నారు? పెండ్లామే! ఈడ మూడున్నరయితే ఊర్లో ఆరు. ఆమె ఆడ లేచి, వాకిట్లో కల్లాపి చల్లి, పొయ్యి ముట్టించి, ఫోనుకు ఒక మిస్డ్ కాల్ కొడుతుంది. ఈడ మొగుడు లేస్తాడు. మంగఫ్‌లో ఏ గదిలో చూసినా ఇదే వరస. మూడున్నరకు ఫోన్లన్నీ ఒక్కసారి గుర్రుమంటాయి.

గంగాధర్ మాత్రం మిస్డ్ కాల్‌కు లేచే మనిషి కాదు. కుంభకర్ణుడి నిద్ర. ఆమె మాట్లాడితేనే లేస్తాడు. ఫోనెత్తి మాట్లాడదామంటే పక్క మంచమోడు వింటాడు, పైమంచమోడు వింటాడు, పొద్దున బస్సులో ఆ మాటలే చెప్పి ఎగతాళి చేస్తారు. గంగాధర్‌కు ఆ ఒక్కటీ గిట్టదు. పెండ్లాం మాట తన చెవిన తప్ప ఇంకొకరి చెవిన పడితే ఆ దినమంతా మొహం ఎర్రగా పెట్టుకుని తిరుగుతాడు.

అందుకని మునిలక్ష్మి ఒక ఉపాయం చేసింది. మునిలక్ష్మంటే ఆయన పెండ్లాం. ఫోన్లో తన మాట రికార్డు చేసి పంపింది. గంగాధర్ దగ్గర ఆఫీసులో పారేయబోతే తెచ్చుకున్న పాత లాప్‌టాప్ ఒకటుంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, చార్జర్ వైరు పీకితే ఆ క్షణమే ఆరిపోతుంది. రాత్రంతా వైరు తగిలించి, మూడున్నరకు ఆమె మాట దానంతటదే మోగేట్టు పెట్టుకున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు దోపుకుని పడుకునేవాడు. గది మొత్తంలో ఆ మాట ఆయనకొక్కడికే వినపడేది.

రోజూ ఒకటే మాటయితే చెవి మొద్దుబారిపోతుందని ఆమె ఆరు రోజులకు ఆరు చేసి పంపింది.

"శుక్రవారానికి వద్దులేమే," అన్నాడు గంగాధర్. "సెలవు గదా. ఆ ఒక్క పొద్దన్నా పండుకోనీ."

"సరే పో. శుక్రవారం నిన్ను లేపితే అడుగు," అని నవ్వింది మునిలక్ష్మి.

ఆ ఆరింటిలో ఏముందంటే... ఏముంటుంది? ఆదివారం పాలు పొంగిపోయినాయని ఒకటి. సోమవారం ఎర్రావు ఈనిందని. మంగళవారం ఉలవచారు వాసన ఆడికొస్తాందా అని. వెనకాల గిన్నెల చప్పుడు, ఆఖర్న వాళ్ల కోడి కూత. అంతే! రెండేండ్లుగా ప్రతి సోమవారం ఆ దూడ పుడతానే ఉంది, గంగాధర్ లేచి బస్సెక్కుతానే ఉన్నాడు.

గదిలో ఫోను నలుగురి చేతులూ మారుతుంది. ఒకడు ఆటాడతాడు, ఒకడు సినిమా చూస్తాడు. అందుకని ఆమె ఫోటోలు, ఆమె పంపిన మాటలు అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లో ఒక్కటి లేకుండా తుడిచేసినాడు. లాప్‌టాప్‌కు పాస్‌వర్డు పెట్టినాడు. అది తప్ప ఆయనకు కువైట్‌లో సొంత తలుపంటూ ఏదీ లేదు.

మొన్న అక్టోబర్‌లో ఆ లాప్‌టాప్ తెర మీద ఒక నోటీసు పడింది. ఈ పాత విండోసుకు ఇంక రక్షణ ఉండదు, కొత్తదానికి మారండి అని.

అల్లాబకష్ ఆయనకు గదిలో తోడు. రాయచోటి మనిషి, రాత్రులు ఖుబ్జు బండి తోలుతాడు. ఖుబ్జంటే ఈడి రొట్టె. ఆయన ఆ నోటీసు చదివి ఊరుకోవచ్చు గదా!

"రేయ్ గంగా, ఇంక దీనికి కాపలా ఉండదంట్రా. ఎవడో యాడో కూర్చుని లోపలికి దూరి, ఉండేదంతా చూసిపోతాడంట."

"ఉండేదంతా అంటే?"

"ఉండేదంతా అంటే ఉండేదంతా."

అంతే! ఆ శుక్రవారమే గంగాధర్ లాప్‌టాప్ సంకలో పెట్టుకుని హవల్లీకి పోయినాడు. సర్దాబులో అబ్దుల్ బాసిత్ అని హైదరాబాద్ ఆయన, మన భాష మనిషి, కంప్యూటర్ల పని మంచిగా చేస్తాడని పేరు. బాసిత్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"పాతది భాయ్. కొత్తది ఎక్కియ్యాలంటే జరంత తిప్పల పడాలె. ఎక్కిస్త. నీ ఫైల్స్ ఉంచాల్నా, సాఫ్ చెయ్యాల్నా?"

"ఉంచల్ల. అన్నీ ఉంచల్ల."

"అయితే ముందుగాల వేరే డిస్క్‌ల ఒక కాపీ తీస్త. ఏదన్న అయినా ఫికర్ ఉండది."

"కాపీ వద్దు."

బాసిత్ తలెత్తి చూసినాడు. "ఎందుకు భాయ్? అందరు కాపీ తియ్యమని అడుగుతరు."

"రెండోది ఉంటే ఇంకెవరో వింటారు. ఒకటే ఉండల్ల."

"అంత సీక్రెట్ ఏముంది అండ్ల?"

గంగాధర్ చెవులు ఎర్రబడినాయి. ఎర్రావు ఈనిందని ఎట్లా చెప్తాడు! బాసిత్ కూడా మర్యాద తెలిసినోడు, ఇంక గుచ్చి అడగలేదు. పాస్‌వర్డు కొట్టమని లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, తను గోడ వైపు తిరిగి నిలబడినాడు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం పోతే పనైపోయింది. కొత్త తెర, కొత్త రంగులు. గంగాధర్ పాస్‌వర్డు కొట్టినాడు. మునిలక్ష్మి ఫోటోలున్నాయి. ఆరు మాటలూ ఉన్నాయి. మూడున్నర అలారం ఉంది. రాత్రంతా ఆరిపోకుండా పెట్టిన సెట్టింగు కూడా అట్లే ఉంది. ఒకసారి వినిచూద్దామని జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసినాడు.

అప్పుడే ఫోను మోగింది. బామ్మర్ది.

"బావా..." అన్నాడు. ఏడుస్తానే చెప్పినాడు.

మునిలక్ష్మికి మూడు దినాల జ్వరం. కడప ఆస్పత్రికి తీసకపోతాండంగా దోవలోనే అయిపోయింది.

గంగాధర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్లు కూడా జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచి నడిచినాడు.

"భాయ్, లాప్‌టాప్?" అన్నాడు బాసిత్.

"ఉండనీ."

ఇఖామా, అంటే ఈడ ఉండే పర్మిట్టు, రెన్యువల్‌కు పోయిన పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి తొమ్మిది దినాలు పట్టింది. అప్పటికి ఊర్లో అన్నీ అయిపోయినాయి. ఇంక పోయి చూసేదేముందని ఆగిపోయినాడు.

ఏడవలేదు. అది చూసి గదిలో అందరూ భయపడినారు. మనిషికి ఏడుపు రావల్ల గదా! అల్లాబకష్ ఆయన్ని పట్టుకుని తనే ఏడ్చినాడు. గంగాధర్ ఆయన వీపు తట్టి, "ఏం కాదులే అన్నా," అన్నాడు. ఎవరికి జరిగిందో ఎవరు ఓదారుస్తాండారో తెలియనట్టుంది ఆ సంబడం.

బస్సెక్కినాడు, పనికి పోయినాడు, అన్నం తిన్నాడు. ఉప్పుందా లేదా అంటే తెలియదు. ఎట్లుండావ్ అంటే బాగుండా అనేవాడు. రాత్రి పడుకునేవాడు గానీ నిద్ర లేదు. పైమంచం పలకలకేసి చూస్తా ఉండేవాడు. మూడున్నరకు అందరికన్నా ముందు లేచి, పక్కనోళ్లను తట్టి లేపేవాడు. ఎవరూ లేపకుండానే గంగాధర్ లేస్తాండాడని మొదట్లో నవ్వినోళ్లు కూడా రెండు దినాలకు నవ్వు మానేసినారు.

ఒక రాత్రి అల్లాబకష్‌తో అన్నాడు.

"అన్నా... ఆమె గొంతు గుర్తు రావడంల్యా."

"అంటే?"

"మొగం కనపడతాది. నోరు మెదుల్తాది. మాట రాదు."

అది కూడా వాన పడడంల్యా అన్నంత మామూలుగా అన్నాడంట. అల్లాబకష్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"లాప్‌టాప్ తెచ్చుకోరా నాయనా! అండ్లోనే ఉండాది గదా ఆమె గొంతు."

"తెచ్చుకుంటాలే."

తెచ్చుకోలేదు. వారం కాదు, రెండు వారాలు కాదు, ఆరు వారాలు. తెచ్చుకుంటే వినల్ల. వింటే ఆమె లేదనే మాట నిజమైపోతుంది. ఆ భయం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

బేస్తవారం రాత్రి తొమ్మిదింటికి బాసిత్ ఫోను చేసినాడు. అల్లాబకష్ పక్కనే ఉన్నాడు.

"భాయ్, దుకాణం ఖాళీ చేస్తున్నం. ఈ సర్దాబ్‌ల ఏందో ఉందంట. రాత్రిపూట ఆడామె మాట్లాడుతుందని హారిస్ ఊరంత చెప్పిండు. గిరాకీ రాదు, పని చేసేటోళ్లు ఉండరు. మా సేఠ్ ఖలాస్ అన్నడు. సామాన్లన్ని పొద్దున ఫజర్ నమాజ్ అయినంక పాతసామాన్లోడు ఎత్తుకపోతడు. అన్ని మెషిన్లు తుడిచేసి అమ్ముకుంటడు. నీది పీకి డబ్బల పెట్టి టేపు ఏసిన. చార్జర్ వేరే కవర్ల ఉంది. రెంటి మీద నీ పేరు రాసిన. ఫజర్ లోపల వచ్చి తీస్కపో. తాళంచెవి హారిస్ కాడ ఉంది."

"నువ్వు రావా?"

"నేనా? రాత్రి ఆడికా? తౌబా!"

"పోనీలే బాసిత్ భాయ్. తీసకపోనీ," అన్నాడు గంగాధర్.

అల్లాబకష్‌కు వచ్చింది చూడండి కోపం! ఫోను లాక్కున్నాడు. "వస్తాడు, నేను తీసుకొస్తా!" అని పెట్టేసి గంగాధర్ మీద పడినాడు. "కాపీ వద్దనింది నువ్వే. ఫోన్లో తుడిచింది నువ్వే. లోకంలో ఆమె గొంతు ఉండేది ఆ ఒక్క డబ్బాలోనే. తెల్లారితే వాడెవడో దాన్ని తుడిచేస్తాడు. ఒక మనిషి రెండుసార్లు చస్తాదా? లెయ్! నా బండి ఎట్లాగూ హవల్లీకే పోతాది."

గంగాధర్ లేచినాడు. లేవమన్నారు కాబట్టి లేచినాడు.

రెండున్నరకు ఖుబ్జు బండి మంగఫ్ నుంచి కదిలింది. డిసెంబరు చలి. వెనకాల వేడి రొట్టెల వాసన. రోడ్డంతా పచ్చ లైట్లు. గంగాధర్ అద్దంలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

మూడుంబావుకు బిల్డింగు ముందర ఆగినారు. హారిసు మెట్ల పైన కుర్చీలో శాలువా కప్పుకుని ఉన్నాడు, చేతిలో తస్బీ జపమాల. తాళంచెవి ఇచ్చినాడు గానీ లేవలేదు.

"పోండి. ఈ రోజు భయం లేదు. శుక్రవారం రాదు," అన్నాడు హిందీలో.

"ఎవరు రారు చాచా?" అల్లాబకష్ తెలియనట్టు అడిగినాడు.

"ఆమే. రోజూ మూడున్నరకు. ఏదో చెప్తాది... బతిమాలినట్టు చెప్తాది. గిన్నెలు చప్పుడవుతాయి. ఆఖర్న కోడి కూస్తాది. ఆరు వారాలైంది."

"కోడా?" అల్లాబకష్ నవ్వబోయినాడు.

గంగాధర్ నవ్వలేదు. ఆయన చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి... ఆరు వారాలుగా ఆడనే ఉన్నాయి. లాప్‌టాప్‌కు తగిలించాల్సినవి తన జేబులో ఉంటే, ఆడ మూడున్నరకు మోగే మాట ఎవరి చెవిలో పడతాది?

"అన్నా," అన్నాడు మెల్లగా. "ఆ కోడి మా కోడే."

అల్లాబకష్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమైనాక గోడ పట్టుకుని నవ్వినాడు, కండ్ల నీళ్లు కారేదాకా. ఆ శుక్రవారం గంగాధర్ తెరిచిన లాప్‌టాప్ తెరిచినట్టే వదిలేసి వచ్చినాడు. కాసేపటికి దానంతటదే తెరకు తాళం వేసుకునింది. బాసిత్ మర్యాదస్తుడు, మూత ముట్టకుండా, వైరు పీకకుండా అట్లే ఎత్తి వెనక అల్మారాలో పెట్టినాడు. పొద్దున పదికొచ్చి రాత్రి తొమ్మిదికి పోయే మనిషికి మూడున్నర సంగతి ఏం తెలుస్తుంది? శుక్రవారం ఆ దెయ్యం ఎందుకు రాదో కూడా తేలిపోయింది! ఆరు మాటలే గదా ఉండేది.

"ఒక సర్దాబును ఖాళీ చేయించింది గదరా మీ ఎర్రావు!"

గంగాధర్‌కు మాత్రం చెవులు మండినాయి. నలభై రెండు దినాల తర్వాత మొదటిసారి ఆయనకు ఏదో తెలిసింది. సిగ్గు. ఎవరూ వినకూడదని ఎన్ని తాళాలు వేసినాడు! ఆఖరికి ఊరుగాని ఊర్లో, ముక్కూ మొగం తెలియనోళ్లంతా ఆమె మాట విన్నారు. విని దెయ్యమని పేరు పెట్టినారు. వంట చేసుకుంటా మొగుడిని లేపిన మనిషిని పట్టుకుని దెయ్యమంటారా?

"నేనొక్కన్నే పోతా," అని మెట్లు దిగినాడు.

అల్లాబకష్ సగం మెట్ల దాకా వచ్చి ఫోను లైటు పట్టుకుని నిలబడినాడు. నవ్వు ఇంకా తగ్గలేదు.

కింద కరెంటు లేదు. అంగళ్లన్నీ మూతపడి ఉన్నాయి. ఏసీ గొట్టాల్లోంచి నీళ్లు... టప్... టప్... గంగాధర్ బాసిత్ షట్టర్ ఎత్తినాడు. లోపల అల్మారాలు బోడిగా ఉన్నాయి. నేలంతా అట్టడబ్బాలు, అన్నిటికీ టేపులు. ఒక్కోదాని మీద లైటు వేసి పేరు చూస్తా పోయినాడు. ఏవేవో పేర్లు.

వెనక గోడ దగ్గర ఆగినాడు. తన పేరు. ఒంగి డబ్బా మీద చెయ్యి వేసినాడు.

అప్పుడు —

"ఏమయ్యో..."

మునిలక్ష్మి.

మెట్ల మీద అల్లాబకష్ నవ్వు ఆగిపోయింది. ఫోన్లో టైము చూసినాడు. మూడు ముప్పై.

గిన్నెల చప్పుడు లేదు. కోడి లేదు. వెనకాల ఏ చప్పుడూ లేదు... మాట ఒక్కటే. పక్కన కూర్చుని చెప్తాండే అంత దగ్గరగా.

"శుక్రవారం గదప్పా ఈ పొద్దు. ఇంకా పండుకోలేదా?"

గంగాధర్ కదల్లేదు.

"కండ్లు చూడు ఎట్లా పీక్కపోయినాయో... పండుకో పో. నేనేం లేపనులే."

అంతే. మళ్లీ నీళ్ల చప్పుడు. టప్... టప్...

గంగాధర్ ఆ డబ్బాల నడుమ కూలబడినాడు. కూలబడి ఏడ్చినాడు. చిన్నప్పుడు ఏడ్చినాడో లేదో ఆ మాదిరి, వెక్కివెక్కి, నేలకు నుదురు ఆనించి, "మునీ... మునీ..." అని. ఆమె గొంతు! ఎంత మరిచిపోయినాడో అంతా తిరిగొచ్చింది. గొంతుతో పాటు ఆమె పోయిందనే మాట కూడా వచ్చింది. నలభై రెండు దినాలు ఆగిన దుఃఖం ఒక్కసారి మీద పడింది. పైన హారిసు దువా చదవడం మెట్ల దాకా వినపడింది.

అల్లాబకష్ దిగొచ్చి ఆయన్ని లేపినాడు. ఒక చేత డబ్బా, ఒక చేత చార్జర్ కవరు పట్టుకుని, గంగాధర్‌ను భుజాన వేసుకుని పైకొచ్చినాడు. రొట్టెలు బకాలా కొట్లలో ఎట్లా దింపినాడో, మంగఫ్ ఎట్లా చేరినాడో ఆయనకే తెలియదు. ఆయన మనసులో ఒక్కటే అనుకుంటాండాడు — రికార్డింగే గదా, ఏడవ దినానికి కూడా ఒకటి చేసి పెట్టిందేమో మహాతల్లి, వీడికి చెప్పకుండా.

గదిలో అందరూ సెలవు నిద్రలో ఉన్నారు. అల్లాబకష్ కత్తితో టేపు కోసినాడు. మూడు చుట్లు టేపు. లోపల పేపరు. పేపరు లోపల లాప్‌టాప్, చల్లగా. దాన్ని మంచం మీద పెట్టి మీట నొక్కినాడు. తెర నల్లగానే ఉంది.

మళ్లీ నొక్కినాడు. లేదు.

అప్పుడు ఆయన చెయ్యి ఆగిపోయింది. చార్జర్ కవరు కేసి చూసినాడు. ముడి వేసిన ముడి వేసినట్టే ఉంది.

"గంగా... ఇది వైరు లేకుండా..."

"పలకదు," అన్నాడు గంగాధర్.

ముడి విప్పి వైరు తగిలించినాడు. తెర వెలిగింది. గంగాధర్ వేళ్లు వాటంతటవే పాస్‌వర్డు కొట్టినాయి. అల్లాబకష్ బాసిత్ మాదిరే గోడ వైపు తిరిగినాడు.

"చూడన్నా. నువ్వు చూడొచ్చు," అన్నాడు గంగాధర్.

శని. ఆది. సోమ. మంగళ. బుధ. బేస్త. ఆరు. అల్లాబకష్ వేలు పెట్టి ఇంకోసారి లెక్కపెట్టినాడు. ఆరే. మిగతా ఫోల్డర్లన్నీ తెరిచినాడు. ఫోటోలున్నాయి, అంతే. ఏడోది యాడా లేదు.

"మరి... నేనూ విన్నా గదరా," అన్నాడు.

గంగాధర్ ఇయర్‌ఫోన్లు జేబులోంచి తీసి, చిక్కు విప్పి, లాప్‌టాప్‌కు తగిలించినాడు. రేపు శనివారం. మూడున్నరకు పెట్టి ఉందా లేదా అని ఒకసారి సరిచూసుకున్నాడు. ఆ తర్వాత దుప్పటి లాక్కున్నాడు.

"శుక్రవారం లేపొద్దని నేనే చెప్పినా గదన్నా. ఆమె మాట తప్పలేదు. లేపలేదు... పండుకోమనింది."

అని గోడకు తిరిగినాడు. అయిదు నిమిషాలకంతా గురక.

ఆ పొద్దు నిద్ర పట్టనిది అల్లాబకష్‌కే. నాకీ కథ చెప్పేటప్పుడు కూడా, ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, వెనక్కి తిరిగి ఒకసారి చూసుకున్నాడు. ఆ దినం కూడా శుక్రవారమే.